బారెడు దూరంలో రెండు మేకులు

మా పంచ గోడకు రెండు మేకులు ఉన్నాయి. ఒకటి గుమ్మం పక్కన, ఇంకొకటి కిటికీ దాటాక. రెండూ ఒకే ఎత్తున, నా నడుముకు సమంగా ఉంటాయి. వంకర మేకు దొరికినా రాయి మీద పెట్టి సరిచేసి దాచుకునేదాన్ని నేను. అలాంటిది ఈ రెండింటికీ ఇరవై ఏళ్లుగా చేతిసంచీ కూడా తగిలించలేదు. సున్నం వేసినప్పుడల్లా వాటి చుట్టూ కుంచె నేనే తిప్పుతాను. కూలివాళ్లను తిప్పనివ్వను.

పోయిన వారం ఒక ఆడపిల్ల వాటిని చూసి ఇవేంటని అడిగింది.

ఆ పిల్ల గోదావరి కొలవడానికి వచ్చిన ఇంజినీరు. భద్రాచలం రేవులో నాలుగు రోజులుగా వాళ్ల ఇంజను పడవ తిరుగుతోంది. అందులో రేడియో అంత డబ్బా ఒకటి. ఎండకు తాళలేక మంచినీళ్లకని మా పంచలోకి వచ్చింది. ఆ డబ్బా ఏం చేస్తుందని నేను అడిగితే ఓపికగా చెప్పింది. అది నీళ్లలోకి చప్పుడు పంపుతుందట. ఆ చప్పుడు అడుగుకు తగిలి వెనక్కి వస్తుందట. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి లోతు చెబుతుందట.

"అయితే మనిషి కేక వెయ్యక్కర లేదన్నట్టు" అన్నాను.

"కేకెందుకమ్మా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నా చెవిలో ఒక గొంతు మోగుతోంది. "రెండు బారలా... ఒక మూరా..." అని, దీర్ఘం తీసి, ఒకటే మాట రెండుసార్లు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒక ఆఫీసు కాగితం మీద ఆ పేరు చెడ్డగా పడింది. ఇంకో కాగితం మీద నా చేత్తో పెట్టడం ఇష్టం లేదు. మేమంతా సరంగు అనేవాళ్లం. లాంచీ నడిపేవాణ్ని సరంగంటారు. వంతెన వచ్చాక కూడా గోదావరిలో లాంచీలు తిరుగుతున్న రోజులవి.

పుష్యమాసంలో ఒక పొద్దున రేకు పెట్టె భుజాన పెట్టుకొని వచ్చాడు. పొట్టి మనిషి. చేతులు మాత్రం పొడుగు, ఎవరివో తెచ్చి అతికించినట్టు. నేల మీద కూడా కాళ్లు ఎడంగా వేసి నడిచేవాడు, నేల కదులుతుందేమోనన్న అనుమానంతో.

"గది కిరాయికి ఇస్తారని చెప్పారండి."

"ఎంతమంది?"

"నేనొక్కడినేనండి."

"ఏం పని చేస్తవ్?"

"గోదారి కొలవాలండి."

"కొలిచి ఎవలకు అమ్ముతవయ్యా?"

ఆయన నవ్వలేదు. "అమ్మడానికి కాదండి. ఒక కాగితం మీద తప్పు రాశారు. అది దిద్దించాలి."

ఆ తప్పు ఏమిటో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ ఏడు కార్తీకంలో కింది ఊళ్లకు పోయే లాంచీ ఒకటి ఇసుక మేట ఎక్కి పక్కకు ఒరిగింది. అంచున కూర్చున్న ముసలాయన, అడవి ఊరి మనిషి, చీపుళ్ల గంపతో సహా నీళ్లలో పడి కొట్టుకుపోయాడు. ఆ లాంచీ నడిపింది ఈయనే. లాంచీ పోవలసిన దారికి అటూ ఇటూ వెదురు గడలు పాతి, కొసన గుడ్డలు కట్టి ఉంటాయి. ఆ గడలు దాటి పక్కకు పోయాడు కాబట్టే మేట ఎక్కాడని విచారణలో తేల్చి, లైసెన్సు తీసేశారు. ఈయన మాట వేరు. "గడల మధ్యనే నడిపానండి. వరదకు ఇసుక జరిగి దారి మీదికి వచ్చింది. గడలు పాతిన చోటే ఉన్నాయి, దారి అవతలి ఒడ్డుకు పోయింది." అప్పీలు పెట్టుకుంటే, రుజువు చూపించు, వచ్చి చూస్తామన్నారట. ఇప్పుడు ఏటి అడుగంతా కొలిచి చూపించాలి. అది కూడా ఆషాఢం లోపల. కొత్త వరద వచ్చిందంటే ఇసుక మళ్లీ జరుగుతుంది. ఆ తర్వాత ఆయన మాటకు సాక్షి ఉండదు.

గది ఇచ్చాను. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. కొడుకు మధిరలో రైల్వే పని, కూతురు తిరుమలాయపాలెంలో. ఇంట్లో నా గాజుల చప్పుడు కూడా లేదు.

పొదుపులో నన్ను మించిన మనిషిని నేను ఆయన్నే చూశాను. ఒక్క చెంబు నీళ్లతో స్నానం. ముందు తడిగుడ్డతో తుడుచుకోవడం, తర్వాత సగం చెంబు నెత్తి మీద, మిగిలిన సగంతో చొక్కా ఉతుకు. పక్కనే గోదావరి పారుతుంటే ఇదేం పిసినారితనమని అడిగాను. "చుట్టూ నీళ్లుండి తాగడానికి లేనిచోట పద్దెనిమిదేళ్లు బతికానండి" అన్నాడు. నదికి రాకముందు ఓడల మీద కళాసీ. పటాలు గీయడానికి సముద్రం అడుగు కొలిచే ఓడలో ఆయన పని గుండు వేయడం. సీసపు గుండుకు నూలు తాడు కట్టి నీళ్లలోకి విసిరి, ఎంత తాడు దిగిందో చూసి లోతు చెప్పడం అన్నమాట.

ఆ గుండూ ఆ తాడే తెచ్చుకున్నాడు. తాడుకు బారకో గుర్తు. ఒకచోట తోలు ముక్క, ఒకచోట ఎర్ర గుడ్డ, ఒకచోట తెల్ల పీలిక. కళ్లు మూసుకొని తడిమినా ఎన్ని బారలో తెలుస్తుంది. గుండు అడుగున చిన్న గుంట. అందులో జిగురుగా ఏదైనా పెడితే అడుగు మట్టి అంటుకొని పైకి వస్తుంది. ఓడల్లో మాంసం కొవ్వు పెడతారట. మా ఇంట్లో కొవ్వు పేరెత్తితే గది ఖాళీ చెయ్యమన్నాను. "మైనం దొరుకుతుందా అండి?" అన్నాడు. సంతకు అడవి ఊళ్లవాళ్లు తేనెతో పాటు మైనం తెస్తారు. ఒక ముద్ద నేనే కొనిచ్చాను. ఆముదం చుక్కలు వేసి పిసికి గుంటలో నింపి, మొదటిరోజు సాయంత్రం పసిపిల్లవాడిలా పరిగెత్తుకొచ్చి నాకు చూపించాడు. మైనానికి ముతక ఇసుక, ఒక చిన్న గవ్వ.

"చూశారా అక్కయ్యగారు? ఇది పాత ఇసుక కాదండి. పాతది మెత్తగా నల్లగా ఉంటుంది. ఇది మొన్నటి వరద తెచ్చి పోసింది."

ఆ ఇసుక చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి, పొట్లం మీద చోటు రాసి, పెట్టెలో పెట్టేవాడు. "మీ ఇంట్ల దిగినాయన ఇసుక మూటలు కట్టుకుంటున్నడంట గద వదినా, సీత నగలు దొరుకుతయనా?" అని పక్కింటి పుల్లమ్మ నన్ను దెప్పేది.

మేకులు కొట్టింది రెండో రోజు. నేను రేవుకు పోయి వచ్చేసరికి గోడ చిల్లు పడి ఉంది.

"నా గోడకు మేకులు కొట్టినవేందయ్యా, అడగకుంట?"

"కొలతండి. రెండింటికీ మధ్య సరిగ్గా బార, అంటే నాలుగు మూరలు. తాడు తడికి సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. నదిలోకి దిగేముందు రోజూ దీనిమీద పెట్టి చూసుకోవాలి. వెళ్లేటప్పుడు పీకేసి సున్నం పూసి వెళ్తానండి."

రోజూ పొద్దున అదే పని. తాడు తడిపి మేకుల మధ్య లాగి, బార తర్వాత బార చూసుకొని, తల ఊపి, చుట్ట చుట్టి భుజాన వేసుకొని పోయేవాడు. రేవు మెట్టు మీద గీత గీసుకొని ముందు నీటిమట్టం రాసుకునేవాడు. తర్వాత దోనె ఎక్కేవాడు. దోనెలో ఒక్కడే. తెడ్డు ఆయనే, లంగరు రాయి ఆయనే, గుండు ఆయనే. నేను బట్టలు ఉతుకుతుంటే నీళ్ల మీదినుంచి కేక వినపడేది.

"బారా... మూడు మూరలూ..."

మళ్లీ అదే. "బారా... మూడు మూరలూ..."

ఒకరోజు అడిగేశాను. "ఎవలకు చెప్తున్నవయ్యా? దోనెల పిట్ట కూడ లేదు."

"అలవాటండి. ఓడలో గుండు వేసేవాడు పక్కన నిలబడి లోతు కేక వేస్తాడు. నడిపేవాళ్లు పైన ఉంటారు. వాళ్లు అదే మాట తిరిగి అనాలి. అంటేనే విన్నట్టు. అనకపోతే మళ్లీ వెయ్యాలి."

"మరి గిక్కడ ఎవలంటరు?"

"ఎవరూ అనరండి. అందుకే రెండోసారి కూడా నేనే వేస్తున్నాను."

ఆ కేక అలవాటైపోయింది నాకు. ఏ పూటైనా వినపడకపోతే చేతిలో బట్ట అలాగే పట్టుకొని ఏటివైపు చూసేదాన్ని. తిరిగి అనడానికి మాత్రం ఏనాడూ నోరు రాలేదు. రేవులో పదిమంది ఉంటారు కదా, నవ్వుతారు.

ఆయనకు సముద్రం చట్టాలు చాలా తెలుసు. ఊళ్లో బతకడానికి ఒక్కటీ పనికిరాదు. ఒకసారి పుల్లమ్మ మేకపిల్ల మెట్ల మీదినుంచి జారి ఏట్లో పడింది. ఈయన దూకి తెచ్చి ఒడ్డున పెట్టి, చెవులు పిండి నీళ్లు కార్చి, "అర చెంబు పాలు ఇప్పించండి" అన్నాడు.

"ఏందయ్యా, మేకను తీసినందుకు కూలి అడుగుతవా?" అని పుల్లమ్మ నోరు తెరిచింది.

"మునిగే సరుకును కాపాడినవాడికి వాటా ఉంటుందండి. చట్టం."

పాలు తాగాడు కూడా. పది రోజుల తర్వాత నవమి కల్యాణానికి వచ్చిన ఒక ఆడమనిషి స్నానం చేస్తూ జారి లోతులోకి పోయింది. జుట్టు పట్టి లాక్కొచ్చాడు. ఆమె భర్త నోట్లు తీస్తే ఈయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాఫీ ఇప్పిస్తానన్నా ఒప్పుకోలేదు. "ప్రాణానికి కూలి లేదండి. అడక్కూడదు, ఇచ్చినా తీసుకోకూడదు" అన్నాడు.

పుల్లమ్మ ఊరుకుంటుందా. "అయితే నా మేకకు ప్రాణం లేదా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మీరు దాన్ని అమ్ముతారు కదండి" అన్నాడు చివరికి.

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాత్రం తడి చొక్కా పిండుతూ నాకొక్కదానికి వినపడేటట్టు అన్నాడు. "లాంచీ ఒరిగినరోజు మూడుసార్లు మునిగానండి. నా చేతికి గంప దొరికింది. ముసలాయన దొరకలేదు. గంప తీసుకెళ్లి వాళ్ల ఊళ్లో ఇచ్చాను. వాళ్లు నన్ను కూర్చోబెట్టి అంబలి పోశారు. తాగలేకపోయాను."

ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పొద్దు వాలాక పంచలో కూర్చొని పుస్తకం రాసేవాడు. లావుపాటి అట్ట పుస్తకం. రోజు, మెట్టు మీద నీటి గుర్తు, చోటు, లోతు, అడుగు మట్టి, చివర విశేషం. ఏ గడీ ఖాళీ ఉండేది కాదు. ఏమీ లేకపోతే 'విశేషం లేదు' అని రాసేవాడు. పేజీ కింద చోటు మిగిలితే అడ్డంగా గీత గీసేవాడు, తర్వాత ఎవరూ ఏదీ ఇరికించకుండా. ఒకసారి నేను కూతురికి కార్డు రాస్తూ ఒక మాట తప్పు పడి, కనపడకుండా నల్లగా దిద్దేస్తుంటే చూసి కంగారుపడ్డాడు.

"అట్లా కాదండి అక్కయ్యగారు. ఒక్కటే గీత కొట్టాలి. కింద మాట కనపడుతూ ఉండాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఓడ పుస్తకంలో చెరిపితే నేరం."

"కార్డుకు కూడ నేరమా? తప్పు పదిమందికి కనపడాల్నా?"

"తప్పు కనపడకపోతే దిద్దింది ఎవరు నమ్ముతారండి?"

నాకు కోపం వచ్చింది. నా తప్పులు నేను ఎవరికీ చూపించిన మనిషిని కాదు. మా అత్తగారి దగ్గర పడిన మాటలతో నేర్చుకున్న బుద్ధి అది. నా చేతిలో పడ్డ వస్తువు చెడిపోదు అని వీధిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. నా బిందె సొట్ట పోదు, నా చీర చిరగదు, నా చాట ఊడదు.

నవమి రద్దీ తగ్గాక ఆయనకు చలిజ్వరం తగులుకుంది. అడవి అంచు ఊళ్లలో అది మామూలే. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకమనేవి. దవాఖానాకు తీసుకుపోయి మందు ఇప్పించాను. గంజి కాచి పోశాను. ఆ వణుకులో కూడా పుస్తకం తెప్పించుకొని 'జ్వరం. కొలత లేదు' అని రాసేవాడు. ఏడు రోజులు అట్లాగే రాశాడు.

నాలుగో రోజు తాడు నా కంట పడింది. పంచ మూల చుట్టి ఉంది. బురద, చేపల వాసన, మైనం జిడ్డు. మంచం మీద జ్వరం మనిషి, పక్కన ఈ కంపు. కాగు పొయ్యి మీద పెట్టి, బట్టల సోడా వేసి, తాడును బాగా ఉడకబెట్టాను. గుర్తులు ఊడకుండా ఎంత జాగ్రత్తపడ్డానో. తోలు ముక్కలు తోలు ముక్కల్లాగే, పీలికలు పీలికల్లాగే ఉన్నాయి. దండెం మీద రెండు రోజులు ఎండబెట్టి చుట్ట చుట్టి పెట్టాను. మల్లెపువ్వులాగా తెల్లబడింది. నా పనికి నేనే మెచ్చుకున్నాను.

ఆయన లేచాక తాడు చేతిలోకి తీసుకొని వాసన చూశాడు. "తెల్లగా ఉందే" అన్నాడు.

"కంపు కొడుతుంటే ఎండల పెట్టిన" అన్నాను.

అబద్ధం కాదు. నిజమూ కాదు. కాగు, సోడా అని చెబితే, నా వస్తువు ముట్టావెందుకు అంటాడేమోనని ఆ మాట లోపలే ఉంచుకున్నాను.

"మంచిదండి" అన్నాడు. గోడ పట్టుకొని నడిచే మనిషి. ఏడు రోజులు పోయాయని ఒకటే ఆరాటం. ఆ రోజు మేకుల దగ్గర ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. అట్లా నలభై రోజులు. గడల మధ్య మేట, అవతలి ఒడ్డు లోతు, ఆయనకు కావలసిన చోటంతా ఆ నలభై రోజుల్లోనే కొలిచాడు.

జ్యేష్ఠంలో ఆఫీసరు జీపులో వచ్చాడు. పెద్దమనిషే. చెప్పులు విడిచి పంచలో కూర్చొని పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పాడు. తిప్పేకొద్దీ నెమ్మదయ్యాడు. "ఇంత పని ఒక్కడివే చేశావా?" అన్నాడు. సరంగు ముఖం ఆ రోజు చూడాలి. వీధిలోవాళ్లంతా గేటు దగ్గర చేరారు.

"తాడు చూపించు."

"ముందు నా కొలత చూసుకోండి సార్" అని సరంగు మేకులు చూపించాడు. ఆఫీసరు ఇనుప టేపు పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత తాడు తడిపి మేకుల మధ్య లాగారు.

బార గుర్తు రెండో మేకు దాకా రాలేదు. బెత్తెడు ముందే ఆగిపోయింది.

రెండో బార పెట్టారు. మూడోది పెట్టారు. అన్నీ అంతే.

నేను గుమ్మంలో చెంబుతో నిలబడి ఉన్నాను. నాకు కాగు కనపడింది. అందులో తాడు సుడులు తిరుగుతూ ఉడకడం కనపడింది.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?" అన్నాడు ఆఫీసరు.

సరంగు ఇంకో బార మేకుల మధ్య లాగి చూశాడు.

"మొదటి నుంచి తప్పా, నిన్నటి నుంచి తప్పా? ఏ రోజు నుంచో తెలిస్తే లెక్క కట్టుకోవచ్చు. ఎప్పటి నుంచి?"

రెండోసారి కూడా అడిగాడు. సరంగు తాడును వేళ్లతో నలిపాడు. ఆ తెలుపు చూశాడు. తల ఎత్తి నావైపు ఒక్కసారి చూశాడు. అడుగుతున్న చూపు కాదది. అడిగితే చెప్పేద్దామనే నిలబడ్డాను, ఒట్టు. గేటు దగ్గర పుల్లమ్మ ఉంది, వీధంతా ఉంది. ఆయన అడగలేదు.

"తెలియదు సార్. రోజూ సరిచూసుకోవడం నా పని. చూడలేదు. తప్పు నాది" అన్నాడు.

ఆఫీసరు పుస్తకం మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఈ తాడుతో నేనేమీ రాయలేను." జీపు పోయింది. లాంచీ తప్పును ఎన్ని నెలలైనా తనదని ఒప్పుకోని మనిషి, ఈ తప్పును ఒక్క మాటతో నెత్తిన వేసుకున్నాడు.

మర్నాడు గుర్తులన్నీ విప్పి తాడుకు కొత్తగా కట్టుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులు నడిచింది. తొమ్మిదో రోజు పొద్దున గోదావరి ఎర్రగా దిగింది. పై అడవుల్లో వానలు ఆ ఏడు ముందే పడ్డాయి. మెట్టు మీద ఆయన గీసిన గీతలు ఒక్కొక్కటే నీళ్ల కిందికి పోతుంటే పైమెట్టు మీద కూర్చొని చూశాడు. నేను అన్నానికి పిలిచాను. వినపడలేదో ఏమో. రెండోసారి పిలవలేదు.

వరద తీశాక ఒకనాడు గడ్డపలుగుతో మేకులు పీకబోయాడు. సున్నం కలిపి పెట్టుకున్నాడు కూడా.

"ఉండనియ్యి" అన్నాను.

పెట్టె భుజానికెత్తుకున్నాడు. తాడు, గుండు, పుస్తకం పంచలోనే పెట్టాడు. మరిచిపోయావన్నాను.

"పుస్తకం ఓడలోనే ఉండాలండి. దిగిపోయేవాడు పట్టుకుపోకూడదు."

"సరంగూ, నన్ను ఏమన్న అడిగేదుందా?" అన్నాను. ఎంత కష్టపడి అన్నానో నాకే తెలుసు.

బస్సు హారను కొడుతోంది. ఆయన నవ్వాడు. "జ్వరంలో మీ గంజితో లేచానండి. ప్రాణం నిలబెట్టినవాళ్ల మీద ఏదీ రాయకూడదు" అని, ఎడంగా అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడర్థమైంది నాకు, ఆయనకు తెలుసని.

ఇన్నేళ్లలో ఆయన నుంచి ఒక్క ముక్క రాలేదు. నేనూ రాయలేదు. పోయిన ఏడు ఆయన మేనకోడలి దగ్గర నుంచి కార్డు వచ్చింది. 'మామయ్య పోయారు. మీ ఇంట్లో తన పుస్తకం ఉందని చివర్లో రెండుసార్లు అన్నారు. ఉంటే పంపగలరా?' కార్డు దేవుడి గూట్లో పెట్టాను. పంపలేదు. పంపకపోవడానికి కారణం ఉంది. ఆయన వెళ్లిన నాడే పుస్తకం విప్పి చూశాను. నేను చదివింది మూడో తరగతే, అయినా ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఆఫీసరు వచ్చిన రోజు గడిలో ఇట్లా ఉంది: 'తాడు బారకు బెత్తెడు తగ్గినది. ముందుగా సరిచూడలేదు. తప్పు నాది. కారణం:'

ఆ తర్వాత ఖాళీ. గీత కొట్టలేదు. అంత లావు పుస్తకంలో అదొక్కటే ఖాళీ.

ఇదంతా ఆ ఇంజినీరు పిల్లకు చెప్పాను. ఇరవై ఏళ్లలో ఆ పిల్లకే మొదట చెప్పాను. కాగు, సోడా, నాలుగో రోజు, అన్నీ. ఆ పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకొని చాలాసేపు తిప్పింది. నా పెట్టె మీద చుట్ట చుట్టి ఉన్న తాడు తీయించి, తడిపించి, మేకుల మధ్య లాగింది. తోలు ముక్కలు విప్పిన చోట పాత కట్ల నొక్కులు ఇంకా ఉన్నాయి. ఆ నొక్కుల మధ్య బెత్తెడు తేడా అట్లాగే ఉంది.

"ఏ రోజో మీకు కచ్చితంగా తెలుసా అమ్మా?"

"జ్వరం నాలుగో నాడు. ఆయనే రాసుకున్నడు గద, చూడు."

"అయితే జ్వరానికి ముందువన్నీ సరైనవే. తర్వాతవి ఒకే లెక్కన తగ్గించాలి. ఇంకో సంగతి చెప్పనా? పొట్టి తాడు ఉన్నదానికన్నా ఎక్కువ లోతు చూపిస్తుంది. అంటే గడల మధ్య ఇసుక ఆయన రాసినదానికన్నా ఇంకా పైన ఉంది. ఆ దారిన లాంచీ పోనే పోదు. ఆయన చెప్పింది నిజం."

"గా లెక్క సరిచెయ్యాలంటే ఎన్ని రోజుల పని?"

ఆ పిల్ల నా ముఖం చూసి తటపటాయించింది.

"చెప్పు బిడ్డా."

"అరగంట అమ్మా. ఒకటే గుణకారం."

పడవ నుంచి ఎవరో పిలిచారు. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం మీద ఆ లెక్క వేసి, కింద సంతకం చేసి, పుస్తకంలో పెట్టి పోయింది. దాన్ని పట్టించుకునే ఆఫీసు ఇప్పుడు ఎక్కడుందో ఆ పిల్లకూ తెలియదు. మేనకోడలి ఊరు మాత్రం కార్డు మీద ఉంది.

నిన్న పొద్దున పుస్తకాన్ని పాత చీర ముక్కలో చుట్టాను, పోస్టుకు. చుట్టినదాన్ని మళ్లీ విప్పాను. కలం తెచ్చుకొని పంచలో, మేకుల కింద కూర్చున్నాను. కారణం అన్నచోట రాశాను: 'ఎండకు ముడుచుకున్నది.'

రాసి చూసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత, ఎవరూ చూడనిచోట కూడా, నా చెయ్యి అదే రాసింది.

దాన్ని నల్లగా దిద్దలేదు. ఒక్కటే గీత కొట్టాను. కింద మాట కనపడుతోంది. పక్కన రాశాను: 'జ్వరం నాలుగో రోజున ఇంటి మనిషి సోడా వేసి ఉడకబెట్టింది. అడిగిన రోజు చెప్పలేదు.' కింద నా పేరు పెట్టాను.